ఒకే రోజున ఇద్దరు కాపరులు



కొంతకాలం క్రితం ఒక గ్రామములో యౌవనస్థుల కూటము ముగిసింది. చాపలు చుట్టుతూ ఒక తమ్ముడు మమ్మల్ని ఇలా అడిగాడు: "అయ్యగారూ, ఐర్లాండులో ప్రొటెస్టంటులు, కథోలికులు తరాల తరబడి ఒకరినొకరు చంపుకొన్నారని చదివాను. ఇద్దరూ క్రీస్తు పేరు చెప్పుకొనేవారే గదా! అట్లా ఎందుకు జరిగింది?"

ఆ రాత్రి మేము సరియైన జవాబు చెప్పలేకపోయాము. "మానవ హృదయము చెడ్డది తమ్ముడూ" అని చెప్పి ఊరుకొన్నాము. అది నిజమే గాని, అంతటితో సరిపోయే జవాబు కాదు. ఇంటికి వచ్చిన తరువాత ఆ దేశ చరిత్రను తెరిచి చదువసాగాము. చదువుతూ చదువుతూ ఒక తేదీ దగ్గర ఆగిపోయాము.

1798వ సంవత్సరము, జూలై 2. చరిత్రకారులు చెప్పేదాని ప్రకారము ఆ రోజున ఐర్లాండులో ఇద్దరు కాపరులను ఉరితీశారు. ఉత్తరాన గ్రేఅబ్బీ అనే ఊరిలో ప్రెస్బిటేరియన్ సంఘ కాపరి జేమ్స్ పోర్టరు. దక్షిణాన టల్లో అనే ఊరిలో రోమన్ కథోలిక గురువు ఫాదర్ జాన్ మర్ఫీ. ఇద్దరికీ సుమారు నలుబది అయిదు ఏండ్లు. ఇద్దరినీ చంపించినది ఒకే ప్రభుత్వము. ఇద్దరి మీద మోపిన నేరము ఒకే తిరుగుబాటు. మేమును ఆ వయసు దరిదాపులలో ఉన్న కాపరులమే గనుక ఆ తేదీ మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఈ నెల ఆ ఇద్దరిని గూర్చి, వారి ప్రజలను గూర్చి చెప్పుకొందాము.

దశమభాగము పన్నుగా మారిన దేశము

ఆ రోజులలో ఐర్లాండు ఇంగ్లాండు రాజు క్రింద ఉండేది. దేశములో నాలుగింట మూడు వంతుల మంది కథోలికులు. ఉత్తరాన అల్‌స్టర్ ప్రాంతములో స్కాట్లాండు నుండి వచ్చి స్థిరపడిన ప్రెస్బిటేరియన్లు ఉండేవారు. వారిలో ఎక్కువమంది రైతులు, అవిసెనార బట్టలు నేసే నేతపనివారు. ఈ రెండు వర్గములకూ పైన మూడవ వర్గమొకటి ఉంది. వారు ప్రభుత్వ సంఘమైన ఆంగ్లికన్ సంఘమునకు చెందిన భూస్వాములు. భూమి, శాసనసభ, న్యాయస్థానము అన్నీ వారి చేతిలోనే.

1695లో చేసిన చట్టము ప్రకారము కథోలికుడు అయిదు పౌనుల కంటె ఎక్కువ వెలగల గుర్రమును ఉంచుకొనరాదు. 1704 చట్టము ప్రకారము కథోలికుడు భూమి కొనరాదు. తండ్రి చనిపోతే ఉన్న భూమిని కుమారులందరు ముక్కలు ముక్కలుగా పంచుకోవాలి. పెద్ద కుమారుడు ప్రభుత్వ సంఘములో చేరితే మాత్రము మొత్తము వానికే దక్కుతుంది. అనగా అన్నదమ్ముల మధ్యనే చట్టము చిచ్చుపెట్టింది. 1728లో కథోలికుల ఓటు హక్కును కూడా తీసివేశారు. ప్రెస్బిటేరియన్లు ప్రొటెస్టంటులే అయినా వారికీ కష్టములు తప్పలేదు. 1704 నుండి 1780 వరకు ఆంగ్లికన్ సంఘములో ప్రభురాత్రి భోజనము పుచ్చుకొన్నవారికే ప్రభుత్వ ఉద్యోగము.

మన సంఘములలో దశమభాగమును ఇష్టపూర్వకముగా ఇస్తాము. కళ్ళము నూర్చిన తరువాత మూట కట్టి తెచ్చే తల్లులను మేము చూశాము. అక్కడ అట్లా కాదు. కథోలికుడైనా, ప్రెస్బిటేరియన్ అయినా తన పంటలో దశమభాగమును తాను ఎన్నడూ అడుగుపెట్టని ప్రభుత్వ సంఘమునకు కట్టి తీరవలసిందే. దానిని వసూలు చేయడానికి మనుషులు వచ్చేవారు. దేవుని పేరిట తీసిన ప్రతి గింజ ఆ రైతు మనసులో చేదుగా మిగిలిపోయింది.

బెల్‌ఫాస్ట్‌లో లేచిన గుడి

ఇన్ని గోడల మధ్య ఒక మంచి సంగతి జరిగింది. బెల్‌ఫాస్ట్ ప్రెస్బిటేరియన్లు ఎక్కువగా ఉన్న పట్టణము. అక్కడి కొద్దిమంది కథోలికులకు ఆరాధన స్థలము లేదు. వారు సెయింట్ మేరీస్ అనే గుడి కట్టుకొనబోయినప్పుడు ప్రొటెస్టంటులు చందాలు వేసుకొని సాయపడ్డారు. 1784లో ఆ గుడిని తెరిచిన రోజున ప్రొటెస్టంటు స్వచ్ఛంద సైనికులు వరుసగా నిలిచి ఆ కథోలిక గురువుకు గౌరవవందనము చేశారు. ఆరాధన పద్ధతి విషయములో వారిలో ఎవరి మనసూ మారలేదు. అయినా పొరుగువాని ప్రార్థనకు చోటు కావాలని గ్రహించారు.

తరువాత 1789లో ఫ్రాన్సులో విప్లవము వచ్చింది. మనుషులందరు సమానులనే మాట ఐర్లాండును కూడా కదిలించింది. 1791 అక్టోబరులో బెల్‌ఫాస్ట్‌లో 'యునైటెడ్ ఐరిష్‌మెన్' అనే సంఘము పుట్టింది. దానిని ప్రారంభించినవారిలో అధికులు ప్రెస్బిటేరియన్లు. వారికి తోడుగా నిలిచినవాడు డబ్లిన్ న్యాయవాది వోల్ఫ్ టోన్. అతడు ఆంగ్లికన్ కుటుంబములో పుట్టినవాడు. అయినను కథోలికులకు సమాన హక్కులు ఇవ్వాలని ఆ సంవత్సరమే ఒక చిన్న పుస్తకము వ్రాశాడు. ఏ ప్రార్థన మందిరానికి వెళ్ళినా, దేశమునకు మనమంతా ఒకే బిడ్డలమన్నది ఆ సంఘము కోరిక. 1793లో కథోలికులకు ఓటు హక్కు తిరిగి వచ్చింది. శాసనసభలో కూర్చొనే హక్కు మాత్రము రాలేదు.

కలము పట్టిన కాపరి

జేమ్స్ పోర్టరు 1787లో గ్రేఅబ్బీ సంఘమునకు కాపరి అయ్యాడు. జీతము చాలక పొలము కూడా చేసుకొనేవాడు. విజ్ఞానశాస్త్రమంటే అతనికి ఎంతో ఇష్టము. ఊరూరా తిరిగి సామాన్యులకు అర్థమయ్యేలా దానిని గూర్చి ఉపన్యాసములు ఇచ్చేవాడు. 1796లో బెల్‌ఫాస్ట్ పత్రిక 'నార్తర్న్ స్టార్'లో 'బిల్లీ బ్లఫ్' అనే పేరుతో కొన్ని హాస్యలేఖలు వ్రాశాడు. బిల్లీ అనేవాడు ఒక భూస్వామి మనిషి. ఊరిలో ఎవరు ఏ పాట పాడారు, ఎవరు ఏమని నవ్వారు అని దొరగారి చెవిలో ఊదడమే వాని పని. చదివినవారంతా నవ్వారు. తమ ఊరి బిల్లీ ఎవరో అందరికీ తెలుసు. దొరలకు మాత్రము నవ్వు రాలేదు.

1798 జూన్‌లో అల్‌స్టర్‌లో తిరుగుబాటు లేచి, కొద్ది రోజులలోనే అణగిపోయింది. పోర్టరును పట్టుకొన్నారు. తిరుగుబాటుదారులు సైనిక తపాలాను దోచినప్పుడు వారితో ఉన్నాడని నేరము మోపారు. తాను లేనని అతడు చివరి వరకు చెప్పాడు. సైనిక న్యాయస్థానము వినలేదు. అతని భార్య పిల్లలను వెంటబెట్టుకొని లార్డ్ లండన్‌డెరీ ఇంటికి పోయి బ్రతిమాలింది. రోగముతో మంచముపట్టిన ఆ దొరగారి కుమార్తె కూడా అతని కొరకు వేడుకొంది. ఫలితము లేకపోయింది. శవమును ముక్కలు చేయవద్దనే ఒక్క కనికరము మాత్రము చూపారు. అతడు వాక్యము బోధించిన మందిరము కనబడే చోటనే ఉరికొయ్య నాటారు.

ఆయుధము పట్టిన గురువు

ఫాదర్ జాన్ మర్ఫీ దక్షిణాన వెక్స్‌ఫర్డ్ జిల్లాలోని బూలవోగ్‌లో గురువు. మొదట అతడు తిరుగుబాటును కోరలేదు. బరిసెలను ప్రభుత్వమునకు అప్పగించండని తన విచారణలోని ప్రజలకు చెప్పినవాడు. అయితే ఆ వసంతకాలములో సైనికులు ఆయుధాల వేట పేరుతో ఇండ్లు తగలబెట్టారు, రైతులను కొరడాలతో కొట్టారు, కొందరి తలలపై కాగిన తారు పోశారు. ప్రభుత్వ మనుషులు బూలవోగ్ గుడిని కూడా కాల్చివేశారు. మే నెల చివరి వారములో మర్ఫీ తన ప్రజలకు నాయకుడై కొండ ఎక్కాడు. మే 27న ఔలర్ట్ కొండ మీద బరిసెలు పట్టిన రైతులు సైనికులను ఓడించారు. 30 నాటికి వెక్స్‌ఫర్డ్ పట్టణము వారి చేతిలో పడింది. జూన్ 21న వినెగర్ కొండ మీద ఫిరంగుల ముందు అంతా ముగిసింది. మర్ఫీని పట్టుకొని టల్లో సంతవీధిలో ఉరితీసి, శవమును తారు పీపాలో కాల్చారు.

గొర్రెలను కొడుతూ ఉంటే కాపరి ఏమి చేయాలి? ఒకడు కలము పట్టాడు, ఒకడు ఆయుధము పట్టాడు. ఉరికొయ్య ఇద్దరికీ తేడా చూపలేదు. వారికి తీర్పు తీర్చడము మా పని కాదు. మేము గమనించినది వేరొకటి. ఉత్తరాన ప్రెస్బిటేరియన్లు, దక్షిణాన కథోలికులు కోరినది ఒకటే న్యాయము. అట్లయితే ఆ ఇద్దరి ప్రజలు తరువాత శత్రువులెట్లా అయ్యారు?

కొట్టములో పెట్టిన నిప్పు

భయము చేత అయ్యారు. ఆ భయము 1798లో పుట్టింది కాదు. 1795లో ఆర్మా జిల్లాలో రెండు మతములవారి మధ్య పోరాటము జరిగి, ప్రొటెస్టంటులలో 'ఆరెంజ్' సంఘము పుట్టింది. వేలమంది కథోలికులు ఇండ్లు వదిలి పారిపోయారు. ఈ పగ పెరిగితే ప్రభుత్వమునకే మేలని తలచిన సైన్యాధికారులూ ఉన్నారు. పారిపోయినవారితోపాటు పుకార్లు కూడా దేశమంతా నడిచాయి. 'ఆరెంజ్ వారు కథోలికులనందరిని చంపుతామని ఒట్టు వేసుకొన్నారట' అని ఒక వైపు. 'కథోలికులు రాత్రికి రాత్రి మనలను కోసివేస్తారట' అని మరొక వైపు. 'అట' అనే ఆ చిన్న మాట ఎన్ని ఇండ్లను కాల్చగలదో చూడండి.

1798 జూన్ 5న న్యూ రాస్ పట్టణములో తిరుగుబాటుదారులు ఘోరముగా ఓడిపోయారు. గాయపడిన తమవారు పడుకొన్న ఇంటిని సైనికులు తగలబెట్టారన్న వార్త వచ్చింది. దగ్గరలోనే స్కల్లాబోగ్ అనే చోట ఒక పొలములోని కొట్టములో తిరుగుబాటుదారులు బందీలను ఉంచారు. వారిలో అత్యధికులు ప్రొటెస్టంటులు, కొందరు కథోలికులు. స్త్రీలు, పసిపిల్లలు కూడా ఉన్నారు. కాపలావారు తలుపులు మూసి కొట్టమునకు నిప్పుపెట్టారు. కాలినవారు, కాల్చబడినవారు కలిసి వందమందికి పైగా చనిపోయారు.

ఆ తిరుగుబాటు సైన్యాధిపతి బ్యాగెనల్ హార్వీ ప్రొటెస్టంటు భూస్వామి. అతడు ఆ వార్తకు తల్లడిల్లి, బందీలను చంపేవానికి మరణశిక్ష అని మరునాడే ఆజ్ఞ వేశాడు. కొద్ది రోజులలోనే అతని పదవి పోయింది. అదే నెల చివర ప్రభుత్వము అతనిని ఉరితీసింది. ఇటు తిరుగుబాటుదారులను అణచిన మిలిషియా దళాలలోని సామాన్య సైనికులలో ఎందరో కథోలికులు. కనుక అది మతమునకు మతమునకు జరిగిన యుద్ధమని ఎవడైనా అంటే నమ్మకండి. కాని స్కల్లాబోగ్ పొగ ఉత్తరమునకు చేరేసరికి అది మతయుద్ధముగానే కనబడింది. నిన్నటి వరకు కథోలికుల పక్షమున నిలిచిన ప్రెస్బిటేరియన్లలో అనేకులు వెనుకకు తిరిగారు.

1784లో బెల్‌ఫాస్ట్‌లో పొరుగువాని గుడికి చందా. 1798లో స్కల్లాబోగ్‌లో పొరుగువాని కొట్టమునకు నిప్పు. మధ్య దూరము పద్నాలుగు సంవత్సరములే. ఒక బిడ్డ పుట్టి ఎనిమిదవ తరగతికి వచ్చేంత కాలము.

వీధిలో విరిచిన తుపాకి

అదే వెక్స్‌ఫర్డ్ జిల్లాలో క్వేకర్లు అనే చిన్న క్రైస్తవ సమాజముండేది. ఏ కారణముచేతనైనను ఆయుధము పట్టరాదన్నది వారి నమ్మకము. గొడవలు రాబోతున్నాయని గ్రహించి 1795, 96 సంవత్సరములలోనే వారి సభలు ఒక తీర్మానము చేశాయి. ఇంట్లో ఉన్న తుపాకులను, పిట్టలు కొట్టేవాటిని సైతము, ప్రతి సభ్యుడు నాశనము చేయాలన్నారు. ఫెర్న్స్ అనే ఊరిలో జోసెఫ్ హాటన్ అనే క్వేకర్ తన తుపాకిని అందరూ చూస్తుండగా వీధిలోనే విరగగొట్టాడు. పిచ్చివాడని అనుకొన్నవారు అనుకొన్నారు.

హోర్‌టౌన్‌లో గాఫ్ అనే క్వేకర్ కుటుంబము ఉండేది. వారి ఇంటికి కొద్ది మైళ్ళలోనే తిరుగుబాటుదారుల దండులు దిగాయి. ఆకలితో వచ్చినవారికి ఇంటివారు రొట్టెలు కాల్చి పెడుతూనే ఉన్నారు. ప్రాణభయముతో వచ్చినవారికి చోటిచ్చారు. ఆరాధన దినమున కూటమునకు పోవడము మానలేదు. అప్పటికి పద్నాలుగేండ్ల పిల్ల అయిన డైనా గాఫ్ వృద్ధాప్యములో ఆ దినములను వ్రాసిపెట్టింది. 1857లో అది పుస్తకముగా వచ్చింది. హాంకాక్ అనే క్వేకర్ వైద్యుడు 1825లోనే ఈ సంగతులను పోగుచేసి ప్రచురించాడు. ఆ కల్లోలములో తమ నియమమును విడువని క్వేకర్లు దాదాపు అందరు ప్రాణములతో బయటపడ్డారని ఆ గ్రంథము చెబుతుంది.

ఇది తాయెత్తు కథ కాదు. నిరాయుధులైనవారిని దేవుడు ప్రతిసారి ఉరి నుండి తప్పిస్తాడని మేము చెప్పడము లేదు. పోర్టరు చేతిలో ఉన్నదీ కలమే గదా! మేము చూచినది ఇది: ఆ క్వేకర్లు తుఫాను వచ్చిన రోజున సిద్ధపడలేదు, మూడేండ్ల ముందే సిద్ధపడ్డారు. అందుకే రెండు పక్షములవారికీ ఆ ఇంటి తలుపు భయము లేని తలుపుగా కనబడింది.

ఆ తరువాత

ఆ సంవత్సరము చనిపోయినవారు పదివేల నుండి ముప్పది వేల వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆగస్టులో ఫ్రెంచివారి చిన్న సైన్యము దిగి, సెప్టెంబరు 8న లొంగిపోయింది. వోల్ఫ్ టోన్ పట్టుబడి నవంబరులో చెరసాలలో మరణించాడు. అప్పటి ఐర్లాండు పాలకుడు మన పాఠ్యపుస్తకములలో మనకు తెలిసిన కారన్‌వాలిస్ ప్రభువే. 1793లో బెంగాలులో శాశ్వత జమీందారీ పద్ధతిని పెట్టినవాడు. ఆ పద్ధతి తరువాత మన ఉత్తర సర్కారులకూ వచ్చింది. ఐర్లాండులో తన పక్షమువారి రక్తదాహమును చూచి అతడే విసిగిపోయాడు, సామాన్య తిరుగుబాటుదారులకు క్షమాపణ ఇప్పించాడు.

1801 జనవరి 1 నుండి ఐర్లాండు శాసనసభ రద్దయి, దేశము బ్రిటనులో కలిసిపోయింది. కథోలికులకు ఆశపెట్టిన శాసనసభ హక్కును మూడవ జార్జి రాజు అడ్డుకొన్నాడు. అది 1829 వరకు రాలేదు. ప్రెస్బిటేరియన్ కాపరులకు ప్రభుత్వమిచ్చే భత్యమును 1803లో పెంచి, వారు ప్రభుత్వమునకు నమ్మకముగా ఉండేటట్లు కట్టుదిట్టము చేశారు. కాపరులమైన మాకు ఈ వాక్యము వ్రాస్తుంటే చేయి కొంచెము ఆగింది. ఉరికొయ్య చేయలేని పనిని కొన్నిసార్లు జీతపు సంచి చేస్తుంది.

1921లో దేశము రెండు ముక్కలయింది. 1960ల చివర నుండి ఉత్తర ఐర్లాండులో ముప్పది ఏండ్లపాటు జరిగిన హింసలో సుమారు 3,500 మంది చనిపోయారు. 1998 ఏప్రిల్ 10న, శుభ శుక్రవారమున, ఒప్పందము కుదిరింది. ఆ ఇద్దరు కాపరులను ఉరితీసి అప్పటికి దాదాపు రెండు వందల ఏండ్లు.

తమ్మునికి మా జవాబు

తమ్ముడూ, ఆ రాత్రి చెప్పలేని జవాబు ఇప్పుడు చెబుతున్నాము. వారు సిద్ధాంతముల కొరకు కొట్టుకోలేదు. అన్యాయమైన చట్టము వారిని మందిరముల ప్రకారము విడదీసింది. న్యాయము కోరి వారు ఏకమైనప్పుడు, భయము, పుకారు మళ్ళీ విడదీశాయి. ఆ పగలో లాభము పొందినవారు ఉరికొయ్యకు దూరముగా ఉన్నారు. నష్టపోయినవారు నేతగాళ్ళు, రైతులు, వారి పిల్లలు.

మన దక్షిణ ఇండియాలో 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు సంఘములు, ప్రెస్బిటేరియన్లు కూడా ఉన్న ఐక్య సంఘము కలిసి ఒకే సంఘమయ్యాయి. ఐర్లాండులో ఒకరిమీద ఒకరు చట్టము చేసుకొన్నవారి వారసులు ఇక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చొన్నారు. అయితే కాగితము మీది ఐక్యత ఊరిలో ప్రతి ఉదయమూ కొత్తగా నిలబడాలి. మీ ఊరిలో రెండు మందిరములు ఉండవచ్చు. మసీదు, గుడి ఉండవచ్చు. అవతలివారి ఇంట చావు వచ్చినప్పుడు పాడె మోయడానికి మీరు వెళ్తున్నారా? వారిని గూర్చి 'అట' అనే మాట మీ ఇంటికి వచ్చినప్పుడు, దానిని పొరుగింటికి పంపక ముందు నిజమో కాదో విచారిస్తున్నారా? మీ పిల్లలు వినుచుండగా వారి పేరు ఎట్లా పలుకుతున్నారు? మంచి సమరయుని కథను మన ప్రభువు చెప్పినది ఇరుగుపొరుగు వారు పగతో ఉన్న దేశములోనే గదా!

గ్రేఅబ్బీలో విధవరాలైన ఆ తల్లి తన పిల్లలను పెంచుకొంది. వారిలో అలెగ్జాండర్ అమెరికా దేశము చేరి న్యాయమూర్తి అయి, తరువాత సెనేటు సభ్యుడయ్యాడు. తండ్రి విత్తినది మరొక నేల మీద మొలిచింది. బూలవోగ్‌లో ఫాదర్ మర్ఫీ పేరు నేటికీ ప్రజల నోట ఉంది. ఆ ఇద్దరినీ ఒకే రోజున కలిపి తలచుకొనే ఇల్లు ఒకటైనా ఉండాలని మేము ఈ పుట వ్రాశాము. వచ్చే జూలై 2న మీ కుటుంబ ప్రార్థనలో మీ పొరుగువారిలో ఒకరి పేరు, మీ మందిరమునకు రాని ఒకరి పేరు, చేర్చండి. తరువాత వీలైతే ఆ ఇంటికి ఒకసారి వెళ్ళి రండి.